ఎర్ర మొరంలో ఇనుప బంకమన్ను: గ్రానైట్ గోతి దగ్గర నిలబడి చదివే పద్ధతి

హైదరాబాద్‌లో కొత్తగా కట్టే ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్ గోతిలోకి తొంగిచూసినా దాదాపు ఒకే బొమ్మ కనిపిస్తుంది. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి. దాని కింద చేత్తో నలిపితే పొడయ్యే మొరం. ఇంకా కిందికి పోతే మొరంలో ఇరుక్కున్న గుండ్లు. అన్నిటికంటే అడుగున జేసీబీ పళ్లకు లొంగని బండ. ఆ ఎర్రదనం చూడగానే "ఇనుమున్న బంకమన్ను" అనేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను.

అందులో సగమే నిజం. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్‌ది, అంటే మామూలు మాటలో తుప్పుది. గోడకు రంగేసినట్టు అది మట్టి రేణువుల పైన పూతగా పట్టి ఉంటుంది. బంకమన్ను ఖనిజం లోపల, దాని పరమాణువుల వరసలోనే కూర్చున్న ఇనుము వేరే సంగతి. అది ఎర్రగా కనిపించదు. లేత పసుపుగానో, ఆలివ్ పచ్చగానో, ఒక్కోసారి పూతల వెనక అసలు కనిపించకుండానో ఉంటుంది. పూత ఏది, ఒంట్లో ఉన్నది ఏది అని విడదీసి చూడటమే ఇక్కడ మన పని. ఆ క్రమంలో రాయి మట్టిగా మారే దారి కూడా కళ్లకు కడుతుంది.

కావలసినవి ఎక్కువేం లేవు. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, సుత్తి, ఒక పెద్ద మేకు, పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం, జిప్ కవర్లు, మార్కర్, ఒక నిమ్మకాయ. ఇంటి దగ్గర పొడుగాటి గాజు సీసా, రెండు కొలజాడీలు, ఒక పాత స్టీలు చెంచా, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీల షాపులో అమ్మేది సరిపోతుంది.

1. సరైన కోత వెతకండి

సెల్లార్ గోతులు, కొత్త రోడ్డు కోసం కొట్టిన కోతలు, పాత వ్యవసాయ బావులు, క్వారీల పై అంచులు ఇందుకు పనికొస్తాయి. పై మట్టి నుంచి గట్టి బండ దాకా ఒకే గోడలో కనిపించాలి. సగమే కనిపించే చోట కథ సగమే తెలుస్తుంది.

వేసవిలో వెళ్లడం మంచిది. వాన పడిన మర్నాడు గోతి గోడ కిందికి అస్సలు దిగొద్దు. మొరం గోడలు పగుళ్ల వెంట పెళ్లలుగా జారతాయి. ఆ పగుళ్లకు సబ్బులా పట్టి ఉండే పదార్థమే మనం వెతుకుతున్న బంకమన్ను! సైటు మేస్త్రీని అడిగి, ఆయన సరే అన్న చోటే నిలబడండి.

గోతి దొరకకపోతే బోరు వేసేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడ కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది?" మెత్తబడ్డ పొర కూలి బోరు పూడిపోకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు కదా. కాబట్టి ఆ అంకె దాదాపుగా అక్కడి మొరం మందం. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో భూగర్భజలాల మీద చాలా ఏళ్లు పరిశోధన జరిగింది. అక్కడ మెత్తబడ్డ పొర సుమారు 10 నుంచి 20 మీటర్లు, దాని కింద పగుళ్ల పొర మరో 15 నుంచి 20 మీటర్లు ఉన్నట్టు తేలింది. బోర్లలో నీళ్లు ముఖ్యంగా ఆ పగుళ్ల పొరలోంచే వస్తాయి.

ఒక హెచ్చరిక. జహీరాబాద్ వైపు కనిపించే ఎర్రరాయి ఈ పనికి పనికిరాదు. అది బసాల్ట్ మీద పుట్టిన లాటరైట్. దాని కథ వేరు.

2. ముందు చెడని రాయిని పరిచయం చేసుకోండి

గోతి అడుగున పగలగొట్టిన బండ ముక్క ఒకటి తీసుకోండి. మన ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూతద్దంలో నాలుగు రకాల గింజలు కనిపిస్తాయి. గాజు పెంకులా బూడిద రంగులో ఉండేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. గులాబీ రంగుది ఎక్కువగా పొటాషియం ఫెల్డ్‌స్పార్. తెల్లగా, పలకలుగా మెరిసేది సోడియం, కాల్షియం ఉన్న ప్లేజియోక్లేజ్. మధ్యమధ్య నల్ల చుక్కల్లా, మేకుతో గీరితే రేకులుగా లేచేది బయొటైట్, అంటే నల్ల అభ్రకం. కొన్ని చోట్ల పొడవాటి ముదురాకుపచ్చ హార్న్‌బ్లెండ్ కూడా ఉంటుంది.

ఇప్పుడు ఇనుము ఎక్కడుందో లెక్కేయండి. పలుగురాయిలో లేనట్టే. ఫెల్డ్‌స్పార్లలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. రాయి మొత్తం మీద ఇనుము ఆక్సైడ్‌గా లెక్కేస్తే ఏ రెండు మూడు శాతమో. దాదాపు అదంతా ఆ నల్ల చుక్కల్లోనే ఉంది: బయొటైట్, హార్న్‌బ్లెండ్, కొద్దిగా మాగ్నటైట్. రాతి పొడిలో అయస్కాంతం తిప్పితే అతుక్కునే నల్ల నలుసులు మాగ్నటైట్. వాన వెలిశాక రోడ్డు పక్క ఇసుకలో నల్ల చారలుగా మిగిలేవి కూడా చాలావరకు అవే. అది అంత తొందరగా చెడదు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు. కథానాయకుడు బయొటైట్. ఎరుపంతా, పసుపంతా, పచ్చంతా ఆ నల్ల రేకుల్లోంచి రావలసిందే.

3. తుప్పు వలయాలు లెక్కపెట్టండి

గట్టి బండ నుంచి ఒక్కో అడుగు పైకి చూస్తూ రండి. మొదట కనిపించే మార్పు రాయి మెత్తబడటం కాదు, రంగు. ప్రతి నల్ల చుక్క చుట్టూ నీళ్లలో సిరా బొట్టు పరుచుకున్నట్టు ఒక గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. రాయి ఇంకా గట్టిగానే ఉంటుంది, సుత్తికి ఖంగుమంటుంది. కానీ పని మొదలైంది.

తాజా బయొటైట్‌లో ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో ఉంటుంది. భూమి లోతుల్లో, ఆక్సిజన్ తగలని చోట పుట్టిన రాయి కదా. పగుళ్ల వెంట దిగిన నీళ్లు ఆక్సిజన్‌ను మోసుకొస్తాయి. ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ అవుతుంది. రేకులోంచి బయటపడ్డ ఇనుము దూరం పోలేదు. ఫెర్రిక్ ఇనుము మామూలు నీళ్లలో కరగదు కాబట్టి పుట్టిన చోటుకు వెంట్రుకవాసి దూరంలోనే పేరుకుంటుంది. ముందు ఫెర్రిహైడ్రైట్ అనే అస్తవ్యస్తపు తుప్పు, తర్వాత అదే సర్దుకుని పసుపు గోధుమ గీథైట్‌గానో, ఎర్రటి హెమటైట్‌గానో మారుతుంది. వేడి, పొడి కాలాలు హెమటైట్‌కు అనుకూలం. చల్లగా, తేమగా ఉండే చోట గీథైట్ ఎక్కువ. మన చల్కా నేలలు పైపైన ఎర్రగా, కిందికి పోయేకొద్దీ పసుపు తిరగడానికి ఇది ఒక కారణం. కొద్దిపాటి హెమటైట్ చాలు, మట్టంతా ఎర్రబారుతుంది. వంటలో కారంపొడి లాంటిది అనుకోండి. రంగు చూసి బరువు అంచనా వేయకూడదు.

ఇక్కడిదాకా జరిగింది పూత కథ. ఇనుప బంకమన్ను ఇంకా పుట్టలేదు.

4. బయొటైట్ వెంట నడవండి

అన్నిటికంటే ఎక్కువ సేపు నిలబడాల్సింది ఇక్కడే. గోడ మీద అరడుగుకోసారి ఒక్కో బయొటైట్ రేకు తీసి, అరచేతిలో వరసగా పేర్చుకోండి. అడుగునుంచి పైకి రంగు ఇలా మారుతుంది: నిగనిగలాడే నలుపు, కంచు రంగు, బంగారు రంగు, వెండి తెలుపు. ఆ బంగారు రంగు దశలోనే పిల్లలు కాకిబంగారం అని ఏరుకుంటారు.

పరమాణువుల స్థాయిలో బయొటైట్‌ను పూతరేకులా ఊహించుకోండి. ఒక్కో పొరలో మూడు తట్లు. పైన, కింద సిలికాన్, అల్యూమినియం తట్లు, మధ్యలో ఇనుము, మెగ్నీషియం ఉన్న తట్టు. ఇలాంటి పొర మీద పొర. పొరకూ పొరకూ మధ్య పొటాషియం. పొరల మీద రుణావేశం, పొటాషియానికి ధనావేశం. అందుకే అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఒక పొర నుంచి తర్వాతి పొర దాకా దూరం 1.0 నానోమీటర్.

మధ్య తట్టులో ఇనుము ఫెర్రిక్ అయ్యేసరికి పొరలో ధనావేశం పెరుగుతుంది, అంటే మొత్తం రుణావేశం తగ్గుతుంది. లెక్క సరిపెట్టుకోవడానికి పొరల మధ్య నుంచి కొంత పొటాషియం, మధ్య తట్టులోంచి కొంత ఇనుము, మెగ్నీషియం బయటికి పోతాయి. ఖాళీ అయిన పొరల మధ్యకు నీళ్లను వెంటబెట్టుకుని మెగ్నీషియం లాంటివి దూరతాయి. దూరం 1.0 నుంచి 1.4 నానోమీటర్లకు పెరుగుతుంది. ఇప్పుడది వెర్మిక్యులైట్. ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. ఒక పొర విడిచి ఒక పొర మారిన మధ్యస్థ దశకు హైడ్రోబయొటైట్ అని పేరు. మీ అరచేతిలో బంగారు రంగులో ఉన్నవి ఎక్కువగా ఈ రకానివే.

పొరల్లో వచ్చే ఈ 0.4 నానోమీటర్ల ఉబ్బుతోనే బండ పగులుతుంది. రేకు మందం 40 శాతం పెరిగితే చుట్టూ ఉన్న పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ గింజలు ఏమవుతాయి? గోడలో మేకు దిగగొట్టినట్టు సన్నని చీలికలు పుడతాయి. వాటి వెంట ఇంకా నీళ్లు, ఇంకా ఆక్సిజన్. మళ్లీ ఉబ్బు. మహేశ్వరం లాంటి చోట్ల బోరుకు నీళ్లిచ్చే అడ్డ పగుళ్లలో చాలావాటికి కారణం బయొటైట్ ఉబ్బే అని అక్కడ పనిచేసినవాళ్లు చెబుతారు. గోల్కొండ దగ్గరా, ఖాజాగూడలోనూ మనం ఫొటోలు దిగే గుండ్రటి బండలు కూడా ఈ పని మిగిల్చినవే. నేల లోపల నిలువు, అడ్డ పగుళ్లు బండను పెట్టెలుగా విడదీశాయి. పెట్టె మూలలకు మూడు వైపుల నుంచీ నీళ్లు తగిలి ముందు మొరమయ్యాయి. మొరం కొట్టుకుపోయాక మధ్యలోని చెడని గుండు మిగిలింది.

వెర్మిక్యులైట్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. నీళ్లు బాగా పారి, కరిగినదాన్నంతా తీసుకుపోయే చోట రేకు సిలికాను, మెగ్నీషియాన్ని పోగొట్టుకుని కేవలినైట్ (కయోలినైట్, పింగాణీ మట్టిలోని తెల్ల ఖనిజం) అవుతుంది. కేవలినైట్‌లో ఇనుముకు చోటు చాలా తక్కువ. అల్యూమినియం స్థానాల్లో ఏ కొద్దిగానో దూరుతుంది, అంతే. మిగతా ఇనుమంతా రేకుల సందుల్లో గీథైట్‌గా పడి ఉంటుంది. భూతద్దంలో చూస్తే పుస్తకంలా విచ్చుకున్న తెల్లటి రేకులు, పేజీల మధ్య పసుపు గీతలు. వెండి తెలుపు దశ ఇదే.

నీళ్లు నిలిచే చోట, సిలికా, మెగ్నీషియం, కాల్షియం కొట్టుకుపోకుండా అక్కడే తిరుగాడే చోట రేకు స్మెక్టైట్ అవుతుంది. మూడు తట్ల పొర అలాగే ఉంటుంది, ఆవేశం ఇంకా తగ్గుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. మధ్య తట్టులో ఫెర్రిక్ ఇనుము హాయిగా కూర్చుంటుంది. మనం వెతుకుతున్న అసలైన ఇనుప బంకమన్ను ఇదే. గ్రానైట్‌లో ఎక్కువగా కనిపించేది ఇనుమున్న బైడెలైట్ అనే స్మెక్టైట్ రకం. మధ్య తట్టంతా దాదాపు ఇనుముతోనే నిండితే దాన్ని నాంట్రోనైట్ అంటారు. ఫ్రాన్స్‌లోని నాంట్రోన్ ఊరి పేరు మీద 1827లో పెట్టిన పేరది. మామూలు గ్రానైట్‌లో శుద్ధమైన నాంట్రోనైట్ దొరకడం అరుదు. ఇనుము అంత పుష్కలంగా ఉండదు మరి. బసాల్ట్ లాంటి రాళ్ల దగ్గర అయితే బాగా దొరుకుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలు అక్కడి మావర్త్ లోయలో గుర్తించినది కూడా ఇలాంటి ఇనుప స్మెక్టైటే.

5. మిగతా సరుకు ఎవరిచ్చారో చూడండి

ఇనుము ఒక్కటే ఉంటే బంకమన్ను కాదు. అల్యూమినియం, సిలికా కావాలి. అవి ఎక్కువగా ప్లేజియోక్లేజ్ ఇస్తుంది. వాన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఎలాగూ కొద్దిగా పుల్లగా ఉంటాయి, పీహెచ్ సుమారు 5.6. నేలలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ నీళ్లు ప్లేజియోక్లేజ్‌లోంచి సోడియం, కాల్షియం లాగేస్తాయి. గాజులా మెరిసే గింజ సుద్దలా తెల్లబడి మేకు గుచ్చితే దిగుతుంది. గులాబీ ఫెల్డ్‌స్పార్ ఇంకా గట్టిగానే ఉంటుంది. పలుగురాయికి ఏమీ కాదు, చివరికి ఇసుకగా మిగిలేది అదే. ఏ ఖనిజం ముందు చెడుతుంది, ఏది తర్వాత అన్న వరసను గోల్డిచ్ అనే శాస్త్రవేత్త 1938లో రాసిపెట్టాడు. మీ గోతి గోడ మీద ఆ వరస సరిపోతోందో లేదో సరిచూసుకోండి, సరదాగా ఉంటుంది.

మరో చిన్న సంగతి. బయొటైట్ పొరల్లో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట్ల కొంత ఫ్లోరిన్ కూడా ఉంటుంది. రేకు చెడినప్పుడు అదీ నీళ్లలో కలుస్తుంది. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు అక్కడి గ్రానైట్ ఖనిజాలే మూలం. అందులో ఈ నల్ల రేకులకూ వాటా ఉంది.

6. నీళ్లు ఎటు పోతున్నాయో గమనించండి

ఒకే గ్రానైట్, ఒకే వాన, పైన ఎర్ర చల్కా, కింద నల్లరేగడి. తెలంగాణలో ఏ ఊరి మిట్ట నుంచి చెరువు కట్ట దాకా నడిచినా ఇది చూడొచ్చు. మిట్ట మీద నీళ్లు జారిపోతాయి, వెంట సిలికా, మెగ్నీషియం, కాల్షియం పట్టుకుపోతాయి. మిగిలింది కేవలినైట్, తుప్పు, ఇసుక. పల్లంలో ఆ నీళ్లే ఆగి, ఎండాకాలం ఆవిరై, మోసుకొచ్చినదంతా దింపేస్తాయి. అక్కడ స్మెక్టైట్ పుడుతుంది. నేల నెర్రెలు విచ్చుతుంది. తవ్వితే తెల్లటి సున్నపు ఉండలు తగులుతాయి. నిమ్మకాయ పిండి చూడండి, నురగ వస్తే సున్నమే. అది కనిపించిన చోట స్మెక్టైట్ ఉండే అవకాశం బాగా ఎక్కువ.

ఈ మిట్ట పల్లాల ఆట నిలువుగానూ జరుగుతుంది. గోతి పైభాగంలో నీళ్లు చకచకా దిగుతాయి, కేవలినైట్ గెలుస్తుంది. అడుగున సన్నని పగుళ్లలో నీళ్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి, స్మెక్టైట్ గెలుస్తుంది. హైదరాబాద్ వాన ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. కేరళలోలా రాయిని పూర్తిగా కడిగేసే వాన కాదు. అందుకే మన మొరంలో రెండూ పక్కపక్కనే బతుకుతాయి. ఒకే పిడికెడు రాయిలో చెడిన బయొటైట్ దగ్గర ఒకటి, సుద్దబారిన ప్లేజియోక్లేజ్ దగ్గర ఇంకొకటి, పగులు గోడ మీద మూడోది. "ఈ గోతిలో ఏ బంకమన్ను ఉంది" అని అడిగితే జవాబు రాదు. "ఈ గోతిలో ఏ మూల" అని అడగాలి.

7. నల్లరాయి పట్టీ ఉందేమో చూసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌ను అడ్డంగా కోస్తూ డోలరైట్ డైకులు చాలా ఉన్నాయి. నల్లటి, సన్న గింజల రాయి, గోడలో నిలువు పట్టీలా కనిపిస్తుంది. అందులో ఇనుము, మెగ్నీషియం గ్రానైట్‌లోకంటే ఎన్నో రెట్లు. అది చెడితే పచ్చటి, జిగురైన ఇనుప స్మెక్టైట్ పుష్కలంగా వస్తుంది. ఆ మట్టి పక్క మొరంలోకి కూడా కారుతుంది. గ్రానైట్‌లో పచ్చ బంకమన్ను దొరికిందని సంబరపడే ముందు అటూ ఇటూ పదిహేను ఇరవై మీటర్లు నడిచి చూడండి. పలుగురాయి గింజలు కలిసి ఉంటే గ్రానైట్ మట్టి. వేళ్ల మధ్య నలిపితే ఒక్క రవ్వ కూడా తగలకపోతే డైకును అనుమానించండి.

8. నమూనాలు తీసుకోండి

ఒక్కో చోట నాలుగైదు పిడికిళ్లు చాలు. గట్టి బండ ఒకటి, తుప్పు వలయాల రాయి ఒకటి, మధ్య మొరం ఒకటి, పై ఎర్రమట్టి ఒకటి. వీటన్నిటికంటే ముఖ్యం, పగులు గోడలకు పట్టిన జారుడు మట్టి విడిగా. కవర్ మీద లోతు, తేదీ, తడి రంగు రాయండి. రంగు అక్కడికక్కడే ఫొటో తీయండి.

ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేను పగుల్లోంచి నీలిపచ్చ మట్టి గీరి తెచ్చి కవర్ మూతి సరిగ్గా మూయకుండా వదిలేశాను. రెండు వారాల తర్వాత చూస్తే గోధుమరంగు మట్టి. ఎవరో మార్చేశారా అనుకున్నాను. గాలి తగిలి ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్ అయింది, అంతే. గాలి పిండేసి మూతి బిగించాలి.

9. సీసాలో బంకమన్నును వేరుచేయండి

బంకమన్ను అంటే 2 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు, అంటే మిల్లీమీటర్‌లో ఐదు వందలో వంతు. మొరాన్ని రోట్లో దంచొద్దు. దంచితే పలుగురాయి కూడా పిండై బంకమన్నులో కలుస్తుంది. రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వేళ్లతో మెదిపి, టీ వడకట్టుతో ఇసుక తీసేయండి.

మిగిలిన బురద నీళ్లను సీసాలో పోసి బాగా కలిపి కదపకుండా ఉంచండి. 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు కిందికి దిగడానికి 20 డిగ్రీల నీళ్లలో దాదాపు 8 గంటలు పడుతుంది. 30 డిగ్రీల్లో ఆరు గంటల పైచిలుకు చాలు. ఆ సమయం తర్వాత పై 10 సెంటీమీటర్ల నీళ్లలో తేలుతున్నదంతా బంకమన్నే. సన్న గొట్టంతో మెల్లగా లాగి వేరే గిన్నెలో పట్టుకోండి.

మొదటిసారి నేను బోరు నీళ్లు వాడాను. అరగంటలో సీసా అద్దంలా తేరుకుంది. ఈ మొరంలో బంకమన్నే లేదని రాసేసుకున్నాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, మన బోరు నీళ్లలోని కాల్షియం బంకమన్ను రేణువులను గుంపులుగా కలిపేసి కిందికి దింపేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కూడా అలాగే తేరుకుంటే చిటికెడు సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలపండి. సివిల్ ల్యాబుల్లో ఉంటుంది. అప్పుడు టీ రంగులో రోజంతా తేలుతూనే ఉంటుంది.

10. ఇంట్లో రెండు పరీక్షలు

చెంచా పరీక్ష: బంగారు రంగు రేకులు నాలుగు స్టీలు చెంచాలో వేసి గ్యాస్ మంట మీద ఒక్కసారిగా వేడి చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. వెర్మిక్యులైట్ లేదా హైడ్రోబయొటైట్ అయితే పొరల మధ్య నీళ్లు ఆవిరై పేలాల్లా విచ్చుకుని పురుగులా పొడుగవుతుంది. దాని పేరు కూడా లాటిన్‌లో పురుగు అనే మాట నుంచే వచ్చింది. తాజా నల్ల బయొటైట్ అలా విచ్చుకోదు. గోతి అడుగు నుంచి పైకి తెచ్చిన రేకులను వరసగా వేడి చేస్తే ఉబ్బు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

కిరోసిన్ పరీక్ష: ఇది సివిల్ ఇంజనీర్లకు బాగా తెలుసు, మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 నలభయ్యో భాగంలో ఉంది. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన ఎండు మట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల దాకా పోసి, బుడగలు పోయేలా కలిపి, 24 గంటలు ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో ఎంత పైకి లేచిందో చూసి, తేడాను కిరోసిన్ కొలతతో భాగించి వందతో గుణించండి. నా అనుభవంలో మిట్ట మీది ఎర్రమట్టి సున్నా దగ్గరే తచ్చాడుతుంది. పగులు మట్టి 50 దాటితే స్మెక్టైట్ ఉందని నమ్మకంగా ముందుకు వెళతాను.

ఈ రెండూ ఉబ్బును చెబుతాయి, ఇనుము గురించి చెప్పవు. దానికి ల్యాబు గడప తొక్కాలి.

11. పూత కడిగి, లోపలి ఇనుమును చూడండి

ఎక్స్‌ఆర్‌డి యంత్రం (ఎక్స్‌రేలతో ఖనిజం పొరల మధ్య దూరాన్ని కొలిచి గీతలుగా చూపేది), పొగలు లాగే గది ఉన్న ఏ కాలేజీ అయినా సరిపోతుంది. వేరుచేసిన బంకమన్ను నీళ్లు గాజు పలక మీద రెండు చుక్కలు వేసి ఆరనిస్తే రేకులన్నీ బోర్లా పడుకుంటాయి. ఆ పలకను మూడుసార్లు చూడాలి: ఆరినది ఆరినట్టు, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి, 550 డిగ్రీలకు వేడి చేసి. 0.7 నానోమీటర్ల గీత చివరిదాంట్లో మాయమైతే కేవలినైట్. 1.4 లేదా 1.5 దగ్గర ఉన్నది గ్లైకాల్‌తో 1.7కు ఉబ్బి, వేడికి 1.0కు ముడుచుకుంటే స్మెక్టైట్. గ్లైకాల్‌కు పెద్దగా ఉబ్బకుండా వేడికి మాత్రం ముడుచుకుంటే వెర్మిక్యులైట్. ఎప్పుడూ 1.0 దగ్గరే కూర్చుంటే మారని అభ్రకం. ఇనుము జాడ ఇంకో మూల దొరుకుతుంది. పలక మీద పరచకుండా పొడిగా చూసినప్పుడు 0.150 దగ్గర ఉండే గీత, మధ్య తట్టులో ఇనుము ఎక్కువైతే 0.152 వైపు జరుగుతుంది. యంత్రంలో రాగి ట్యూబు ఉంటే ఇనుప నమూనాలకు వెనక నేపథ్యపు రొద పెరుగుతుంది. అది నమూనా తప్పు కాదు, కంగారు పడొద్దు.

ఇంత చూసినా పూత అడ్డం వస్తూనే ఉంటుంది. దాన్ని కడగడానికి సోడియం డైథయనైట్, సిట్రేట్, బైకార్బనేట్ కలిపిన ద్రావణం వాడతారు. 1960 నుంచి నేలల ల్యాబుల్లో నడుస్తున్న పాత పద్ధతి ఇది. నీటి తొట్టిలో 75 నుంచి 80 డిగ్రీల మధ్య పావుగంట ఉంచి, తేర్చి, ఎరుపు పోయేదాకా మళ్లీ చేస్తారు. 80 దాటనివ్వకూడదు. గంధకపు ఘాటు వస్తుంది కాబట్టి ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

నా రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. మిట్ట మీది ఎర్రమట్టి రెండు కడుగుళ్లకే తెల్లబడింది. కేవలినైట్, దాని మీద ఉన్నదంతా పూత. పగుల్లోంచి తెచ్చిన పసుపు మట్టి మాత్రం తెల్లబడలేదు, ఆకుపచ్చ తిరిగింది. డైథయనైట్ పూతను కరిగించి, లోపలికి కూడా చేరి, మధ్య తట్టులోని ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చింది. వరి మళ్లలో నీళ్లు నిలిచినప్పుడు బ్యాక్టీరియా చేసే పనీ ఇలాంటిదే. కడిగి, మూత తీసి, బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లాను. పొద్దున వచ్చేసరికి గాలి తగిలిన పై అంచు చుట్టూ వేలెడు మందాన పసుపు తిరిగి వచ్చింది, అడుగున ఇంకా పచ్చగానే ఉంది.